తెర వెనుక పొగ.. లెక్కలోకి రాని సెగ

జూబ్లీహిల్స్: ఇక్కడ పొగ గొట్టాలు లేవు. బొగ్గు గనులు, సిమెంటు కర్మాగారాలు అసలే కానరావు. కొండలు, చెట్లు, విశాలమైన భవంతులు, వాటి నడుమ స్టూడియోలు.. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పేర్లు చెబితే కళ్ల ముందు మెదిలే దృశ్యమిది. భూతాపం ప్రస్తావన వస్తే పటాన్‌చెరు, రామగుండం గుర్తుకు వస్తాయే తప్ప తారల నివాసం ఎవరికీ స్ఫురించదు. అయితే వాతావరణాన్ని వేడెక్కిస్తున్న వాయువుల మూలాల్లో అధిక భాగం ఈ కొండల మీదే ఏదో ఒక రూపంలో కొలువుదీరి ఉండటం గమనార్హం.

పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ 2024 నాటికి 420 దాటింది. అదే ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత నాటి కంటే 1.55 డిగ్రీల మేర అధికమైందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. 2019లో ప్రపంచం విడుదల చేసిన హరితగృహ వాయువులు సుమారు 5,900 కోట్ల టన్నులు. ఇందులో ఇంధనోత్పత్తి వాటా 34 శాతం, పరిశ్రమలది 24, వ్యవసాయం, అడవుల నరికివేతది 22, రవాణాది 15 శాతం అని ఐపీసీసీ ఆరో నివేదిక తేల్చింది. భవనాల వాటా 6 శాతమే. కానీ వాడుకునే విద్యుత్తును కూడా వాటి ఖాతాలోనే వేస్తే అది 16 శాతానికి చేరుతుంది. జూబ్లీహిల్స్ గుట్టు ఈ తేడాలోనే దాగి ఉంది.

వెలుగు ఇక్కడ.. పొగ అక్కడ

ఇక్కడ మీట నొక్కితే 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రామగుండం, పాల్వంచలలో బొగ్గు మండుతుంది. దేశంలో ఒక్కో యూనిట్ విద్యుత్తుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ఒక్కో ఏసీ గంటకు ఒక యూనిట్ తీసుకుంటుందనుకుంటే, ఆరు ఏసీలున్న ఇల్లు ఒక్క రాత్రి 8 గంటల్లో 48 యూనిట్లు ఖర్చు చేస్తుంది. అంటే దాదాపు 34 కిలోల వాయువు! అది ఆ ఇంటి పైకప్పు మీద కాక, సింగరేణి బొగ్గు మండే చోట గాలిలో కలుస్తుంది.

ఏసీలోని శీతలీకరణ వాయువుది మరో కథ. పలు కేంద్రీకృత వ్యవస్థల్లో వాడుతున్న ఆర్-410ఏ వాయువుకు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,000 రెట్లు వేడి పుట్టించే గుణం ఉంది. మరమ్మతు వేళ అది ఒక్క కిలో గాలిలో కలిసినా, దాదాపు 780 లీటర్ల డీజిల్ కాల్చినట్లే. ఈ తరహా వాయువులను తగ్గించేందుకు 2016లో కుదిరిన కిగాలి సవరణను భారత్ 2021లో ఆమోదించింది. మన దేశంలో తగ్గింపు 2032 నుంచి ఆరంభం కావాల్సి ఉంది.

క్లాప్ నుంచి ప్యాకప్ వరకు..

మద్రాసు నుంచి తెలుగు చిత్రసీమ తరలివచ్చే క్రమంలో 1970వ దశకంలో అన్నపూర్ణ, 1980వ దశకంలో పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఈ రాళ్ల గుట్టల మీద వెలిశాయి. నాటి నుంచి నేటి వరకు చిత్రీకరణ అంటే వెలుగు, వెలుగు అంటే ఇంధనమే. అవుట్‌డోర్‌లో లైట్లకు, క్యారవాన్ల ఏసీలకు జనరేటరే ఆధారం. లీటరు డీజిల్ మండితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గంటకు 20 లీటర్ల చొప్పున 12 గంటలు నడిచిన జనరేటర్ ఒక్క రోజులో 640 కిలోలకు పైగా వదులుతుంది. వీటికి తోడు యూనిట్ సభ్యులను, సామగ్రిని చేరవేసే వాహనాలు, విదేశీ చిత్రీకరణలకు విమాన ప్రయాణాలు, పాట పూర్తికాగానే చెత్తగా మారే ప్లైవుడ్, థర్మోకోల్ సెట్లు ఉండనే ఉన్నాయి.

బ్రిటన్, అమెరికాల్లోని భారీ చిత్రాలను పరిశీలించి 2020లో వెలువరించిన ఒక నివేదిక ప్రకారం ఒక్కో చిత్రం సగటున 2,840 టన్నుల ఉద్గారాలకు కారణమవుతోంది. ఇందులో రవాణాదే సగం. డీజిల్ జనరేటర్లది 15 శాతం. తెలుగు చిత్రాలకు ఈ అంకెలు యథాతథంగా వర్తించకపోవచ్చు గానీ, మూలాలు మాత్రం ఇవే.

ఈ ప్రాంతానికి ఊపిరితిత్తులుగా భావించే కేబీఆర్ జాతీయ పార్కుతో పోల్చి చూస్తే అసలు విషయం బోధపడుతుంది. దాదాపు 150 హెక్టార్ల ఈ వనం హెక్టారుకు ఏటా 5 టన్నుల చొప్పున పీల్చుకుంటుందనుకున్నా, మొత్తం 750 టన్నులే. అంటే అంతటి భారీ చిత్రం ఒక్కటి వదిలిన వాయువును శుభ్రం చేయడానికి పార్కుకు దాదాపు నాలుగేళ్లు పడుతుంది. మొక్కలు నాటి చేతులు దులుపుకొంటే చాలదని ఈ లెక్క చెబుతోంది. అలాగని చెట్టు విలువ తగ్గదు. నీడనిచ్చి, పరిసరాలను చల్లబరిచేది అదే. 2016లో ఎస్ఆర్‌డీపీ, 2024లో హెచ్-సిటీ పథకాల కింద పార్కు చుట్టూ పైవంతెనలు ప్రతిపాదించినప్పుడు నగరవాసులు నిరసనకు దిగింది ఇందుకే.

కొండ మీద చల్లదనం.. కింద ఉక్కపోత

సెగ అందరికీ సమానంగా తగలదు. ఏసీ గదిలోని వేడి బయటి వీధిలోకి వస్తుంది. ఫిల్మ్‌నగర్ బస్తీల్లో, కృష్ణానగర్ ఇరుకు సందుల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ప్రొడక్షన్ సిబ్బంది నివసిస్తుంటారు. మే నెలలో పగలంతా లైట్ల కింద, ఎండలో పనిచేసిన మనిషికి రాత్రి రేకుల ఇంట్లోనూ ఉపశమనం లభించదు. పగలు వేడెక్కిన కాంక్రీటు తెల్లవారేదాకా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. వాయువులు వదిలేది ఒకరైతే ఉడికిపోయేది మరొకరు.

లెక్క ఉంది.. చూసేవారే కరవు

ఇందుకు కొత్త శాస్త్ర పరిజ్ఞానమేదీ అక్కరలేదు. ప్రతి నిర్మాణ కార్యాలయంలో డీజిల్ వోచర్లు, కరెంటు బిల్లులు, విమాన టిక్కెట్ల రశీదులు భద్రంగానే ఉంటాయి. ప్రొడక్షన్ మేనేజర్ రూపాయి రూపాయి లెక్కగట్టే ఆ కాగితాలే ఉద్గారాల చిట్టా కూడా. లీటర్లను 2.68తో, యూనిట్లను 0.7తో గుణిస్తే చాలు. లెక్క తేలితే పొదుపు మార్గమూ తేలుతుంది. పాత టంగ్‌స్టన్ దీపాల స్థానంలో ఎల్ఈడీలు, వీలున్న చోట జనరేటర్‌కు బదులు తాత్కాలిక విద్యుత్తు కనెక్షన్, కూల్చిన సెట్ల సామగ్రి పునర్వినియోగం.. ఇవన్నీ నిర్మాత ఖర్చునూ తగ్గించేవే.

ఇళ్ల యజమానులకూ దారులున్నాయి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన చల్లని పైకప్పుల విధానం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని నివాసాలకు వేడిని తిప్పికొట్టే పూతను తప్పనిసరి చేసింది. ఆ పరిమాణం స్థలాలు జూబ్లీహిల్స్‌లో కోకొల్లలు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకం కింద ఇంటిపై సౌర ఫలకాలకు గరిష్ఠంగా రూ.78,000 రాయితీ ఉంది. 2019 మే నుంచి చెక్‌పోస్టు వద్ద మెట్రో ఆగుతోంది. అయినా కూడలిలో ఒక్కరే కూర్చున్న కార్లు బారులు తీరుతూనే ఉన్నాయి. లీటరు పెట్రోలుకు వెలువడే 2.3 కిలోల వాయువుకు సిగ్నల్ వద్ద విరామం ఉండదు.

లక్షలాది అభిమానులు తారల దుస్తులను, నడకను అనుకరిస్తారు. ఇంటి పైకప్పుపై తెల్లని పూతను, సెట్‌లో ఎల్ఈడీ దీపాన్ని వారు ముందుగా చేపడితే ఆ అనుకరణ ఊరూరా పాకుతుంది. కృష్ణానగర్ రేకుల ఇంటికీ ఆ పూత ఖర్చును పరిశ్రమ భరిస్తే, ఎండను మోస్తున్న కార్మికుడి బాకీలో కొంతైనా తీరినట్లవుతుంది.