నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్లేనా?

"నొప్పి పోయింది సిస్టరమ్మా, ఈ వాపొక్కటే మిగిలింది." పంటి జబ్బుతో వార్డుకు వచ్చేవారి నోట మేము తరచుగా వినే మాట ఇది. వారికి అది ఊరట, మాకు ఆందోళన. నొప్పి తగ్గడమే స్వస్థత అనే నమ్మకం, ముఖము, దవడల విషయంలో ప్రాణం మీదికి తెస్తుందని మా అభిప్రాయము. అది ఎందుకో చదువరులకు వివరిస్తాము.

మెదడు నుండి బయలుదేరే 12 జతల నరాలలో 5వది ముఖానికి స్పర్శను, నొప్పిని తెలియజేస్తుంది. దానికి మూడు కొమ్మలు ఉన్నాయి. మొదటిది నుదురు, కంటి ప్రాంతానికి. రెండవది బుగ్గకు, పై పళ్ళకు. మూడవది కింది దవడకు, కింది పళ్ళకు, గడ్డానికి, చెవి ముందు భాగానికి వెళుతుంది. అందుకే కింది పన్ను పుచ్చితే కొందరికి చెవిపోటులా అనిపిస్తుంది. వారు చెవిలో నూనె వేసుకుంటూ రోజులు గడుపుతారు. పై పన్ను పీకిస్తే చూపు పోతుందని మరికొందరి భయం. చూపునిచ్చేది 2వ నరము, అది వేరు. పన్ను తీయించుకుంటే చూపు పోదు. ఆ పంటి చీమును వదిలేస్తే మాత్రం అది కంటి చుట్టూ పాకి చూపుకే ముప్పు తేవచ్చు.

నరము కబురు మాత్రమే చెబుతుంది. చీము నడిచే దారి వేరే ఉంది. ముఖము, మెడ లోపల కండరాలకు, పొరలకు మధ్య కొన్ని ఖాళీలు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి మడతపెట్టిన సంచిలా అణగి ఉంటాయి. చీము చేరితే తెరుచుకుంటాయి. ఒకదాని నుండి మరొకదానికి దారి కూడా ఉంది.

పంటి వేరు దగ్గర చీము పట్టినప్పుడు, గట్టి ఎముక మధ్య ఒత్తిడి పెరిగి భరించలేని పోటు వస్తుంది. ఆ చీము ఎముకను తొలుచుకొని బయటి ఖాళీలోకి వస్తే ఒత్తిడి తగ్గి, పోటు కూడా తగ్గుతుంది. వాపు మొదలయ్యేది అప్పుడే. జబ్బు పోలేదు, ఇల్లు మారింది.

కింది దవడలో చివరి రెండు దంతాల వేళ్ళ కొనలు, నాలుక కింద నేలలా పరచుకున్న కండరానికి సాధారణంగా దిగువన ఉంటాయి. కాబట్టి వాటి చీము దవడ కిందికి దిగుతుంది. అది రెండు ప్రక్కలకు, నాలుక కిందికి వ్యాపిస్తే నాలుక పైకి, వెనక్కి జరిగి ఊపిరి దారి మూసుకుపోతుంది. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ ఈ జబ్బును వర్ణించారు. నేటికీ దీనిని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. యాంటీబయాటిక్స్ లేని రోజులలో ఇది సోకినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. నమిలే కండరాల మధ్య చీము చేరితే బయటికి వాపు అంతగా కనబడకపోవచ్చు గాని, నోరు తెరుచుకోదు.

ఈ విషయంలో నర్సులమైన మేమూ పొరబడినాము. కొన్ని సంవత్సరాల క్రితం ఒక రైతు దవడ వాపుతో చేరారు. సాయంత్రానికి నొప్పి తగ్గిందన్నారు, మేము సంతోషించాము. రాత్రి ఆయన మంచం మీద కూర్చునే ఉంటే నిద్ర పట్టలేదనుకున్నాము. "పడుకుంటే ఊపిరాడటం లేదంటున్నాడమ్మా" అని ఆయన భార్య చెప్పాకే మాకు అర్థమైంది. డాక్టరు గారు వెంటనే వచ్చి ఆ రాత్రే ఆపరేషన్ చేసి చీము తీశారు. ఆయన బ్రతికారు. ఆ రాత్రి నుండి మేము నొప్పి ఒక్కదాని గురించే అడిగి ఊరుకోవడం లేదు.

నోరు మీ మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటుందా? ఉమ్మి మింగగలుగుతున్నారా? మాట ఎప్పటిలా స్పష్టంగా ఉందా? వెల్లకిలా పడుకోగలరా? ఇంటివద్ద మీరూ ఇవే అడగండి. వాపు ఉండి, వీటిలో ఏ ఒక్కదానికి "లేదు" అని జవాబు వచ్చినా తెల్లవారే వరకు ఆగవద్దు. 108కి ఫోను చేయండి. రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి తీసుకురండి. షుగరు ఉన్నవారికి ఈ చీము మరింత త్వరగా ముదురుతుంది.

"ఒక్క పంటి కోసం కూలి మానుకొని పట్నం పోవాలా?" అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని పుచ్చినప్పుడే పన్ను చూపించుకుంటే ఒకటి రెండు రోజుల కూలి పోతుంది. చీము మెడలోకి దిగితే ఐ.సి.యు.లో ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేము. మెడికల్ షాపు నొప్పి మాత్ర నరము చెప్పే కబురును ఆపుతుంది, చీమును తీయదు. వాపు తగ్గాకే పన్ను తీయాలి అని ఇంట్లో తీర్మానించుకోవద్దు. చీముకు దారి చేయడం ఎప్పుడు, పన్ను తీయడం ఎప్పుడు అన్నది డాక్టరు చూసి నిర్ణయిస్తారు.

మరొక మాట. దెబ్బ ఏదీ తగలకుండానే కింది పెదవి, గడ్డము మొద్దుబారితే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. ఆ నరము దవడ ఎముక లోపలి నుండి వస్తుంది. ఎముకలో ఏదో దానిని నొక్కుతూ ఉండవచ్చు.

నొప్పి మనలను ఆసుపత్రికి పంపే మిత్రుడు. వాపు మిగిల్చి ఆ మిత్రుడు మాట్లాడటం మానేస్తే, ఆ రోజే బయలుదేరి రండని మా మనవి.