ఊహకు చోటులేని గళ్లు

ఉద్యోగ పరీక్షలలో రీజనింగ్ అనే విభాగం స్థిరపడిన తరువాత, బ్యాంకు, రైల్వే కొలువులకు సిద్ధమయ్యే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల యువతకు అంకెలనూ అక్షరాలనూ జతపరిచే లాజిక్ పజిల్ నిత్యవ్యవహారమైంది. అయితే దానిని సాధించడమంటే ఏమిటో తెలియకముందే, ఇచ్చిన నాలుగు జవాబులనూ ఒక్కొక్కటిగా సూచనలతో సరిచూసి, ఇమిడినదానిని గుర్తించే అడ్డదారి వారి చేతికి అందుతున్నది. పరీక్షలో మార్కు తెచ్చిపెట్టే ఈ పద్ధతి, ఆ ప్రశ్న ఏ శక్తిని పరీక్షించడానికి పుట్టిందో ఆ శక్తినే పక్కన పెడుతున్నది.

ఈ ప్రహేళికలో కొన్ని వర్గాలుంటాయి. ఒక వర్గంలోని ప్రతి అంశానికీ మరొక వర్గంలో ఒకే ఒక్క జోడు ఉంటుంది. ఒక వర్గాన్ని అడ్డంగా, మరొకదానిని నిలువుగా రాసి గళ్లు గీసి, కుదరని జోడుకు ఇంటూ గుర్తు, కుదిరినదానికి టిక్కు పెడతారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం అనే మూడు ఊళ్లకు క, చ, ట అనే అక్షరాలూ 1, 2, 3 అనే అంకెలూ తలా ఒకటి చొప్పున పంచాలనుకుంటే, అక్షరాలను 6 విధాలుగా, అంకెలను 6 విధాలుగా, మొత్తం 36 విధాలుగా పంచవచ్చు. క వచ్చిన ఊరికే 1 వచ్చిందనీ, కంభానికి చ వచ్చింది గాని 3 రాలేదనీ, మార్కాపురం అంకె గిద్దలూరు అంకె కంటే పెద్దదనీ చెబితే, ఆ 36లో ఒక్కటే మిగులుతుంది. కంభానిది చ కనుక దానికి 1 రాదు, 3 రాలేదని ముందే చెప్పారు, కాబట్టి 2 ఖాయం. మిగిలిన రెండంకెలలో పెద్దదైన 3 మార్కాపురానికీ, 1 గిద్దలూరుకూ చేరతాయి. 1తో పాటు క కూడా గిద్దలూరుకే పోతుంది గనుక మార్కాపురానికి ట దక్కుతుంది. కంభానికి 3 రాలేదన్న చిన్న మాటను తొలగిస్తే మాత్రం రెండు జవాబులు పుట్టుకొచ్చి ప్రశ్నే చెడిపోతుంది. ప్రశ్న కూర్చేవారి కష్టమంతా ఇక్కడే ఉన్నది. సుడోకు విషయంలో 17 అంకెలకంటే తక్కువ ఇస్తే ఏకైక జవాబు రాదని కంప్యూటర్ సాయంతో తేల్చడానికి 2012 వరకు పట్టింది.

మన ప్రహేళికలో అక్షరాలకు సొంత విలువ లేదు. ధీరశంకరాభరణం అనే రాగం పేరులోని తొలి రెండక్షరాల నుంచి 29వ మేళకర్త అనే లెక్కను రాబట్టే కటపయాది పద్ధతిలో అక్షరమే అంకె. ఇక్కడ అది గుర్తు మాత్రమే. ఆ అక్షరాలను చతురస్రపు గళ్లలో, ఏ వరుసలోనూ ఏ నిలువులోనూ ఏ అక్షరమూ రెండోసారి రాకుండా నింపితే ఏర్పడేదానిని లాటిన్ చతురస్రం అంటారు. ఇలాంటి రెండు చతురస్రాలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు, ఆరు పటాలాల నుంచి ఆరేసి హోదాల 36 మంది అధికారులను, ప్రతి వరుసలోనూ నిలువులోనూ ఏ పటాలమూ ఏ హోదాయూ మళ్లీ రాకుండా నిలబెట్టడం అసాధ్యమని 1782లో గణితవేత్త అయిలర్ భావించి, 10, 14 వంటి సంఖ్యలకూ అంతేనని ఊహించాడు. ఆరు విషయంలో అతని మాట నిజమేనని 1901లో టారీ నిరూపించాడు. పది విషయంలో అది తప్పని 1959లో బోస్, శ్రీఖండే, పార్కర్ తేల్చారు. అంతకు ముందే, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరిన సి.ఆర్. రావు, 1940లలో ఇదే ఆలోచనను విస్తరించి ఆర్థోగోనల్ ఎర్రేలు అనే పట్టికలను రూపొందించారు. అనేక అంశాలు కలిసి ప్రభావం చూపే ప్రయోగాలను తక్కువ పరీక్షలతో ముగించడానికి పరిశ్రమలు వాటిని నేటికీ వాడుతున్నాయి.

ఇక ఈ గళ్లు గీసే సాధనానికి వస్తే, ఒకనాడు దేశంలోని బడిపిల్లలకు రాతిపలకలు అందించిన మార్కాపురం, నోటుపుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చి గిరాకీ పడిపోయాక, గోడలకూ నేలకూ వేసే డిజైన్ పలకల వైపు మళ్లింది. ఈ ప్రహేళికకు కాగితం కంటే పలకే తగిన సాధనమని వాదించవచ్చు, అయితే తుడవడం సులువు కావడం అందుకు కారణం కాదు. సక్రమంగా కూర్చిన ప్రశ్నలో, సక్రమంగా సాధించేవారు పెట్టిన ఏ గుర్తునూ చెరపవలసిన అవసరం రాదు. మధ్యలో తడిగుడ్డ కోసం చెయ్యి చాచారంటే, పొరపాటున సూచనను తప్పుగా చదివి ఉండాలి, లేదా నిరూపణ ఉండవలసిన చోట ఊహను పెట్టి ఉండాలి. కాగితం మీద పిచ్చిగీతల మధ్య దాగిపోయే ఈ తేడా పలక మీద ఉపాధ్యాయుని కంట పడుతుంది. గళ్లు శాశ్వతంగా చెక్కిన పలకలను మార్కాపురం పనివారు తయారుచేయడం కష్టమేమీ కాదు. దానితో పరిశ్రమ గట్టెక్కుతుందని కాదు గాని, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల బడులలో ఏడు, ఎనిమిది తరగతులకు వారానికొక ప్రహేళికను, జవాబుల జాబితా లేకుండా, పూర్తయ్యేదాకా తుడవరాదన్న ఒక్క షరతుతో ఇవ్వడానికి అవి చాలు.