ఇంటి చాకిరీకి వాటా ఏది?

పెళ్లినాడు ఇద్దరినీ ఒకటి చేసిన చట్టం, విడాకులనాడు మాత్రం ఎవరి లెక్క వారిదే అంటుంది. భార్యాభర్తలు కలిసి కూడబెట్టిన ఆస్తిని విడిపోయేటప్పుడు చెరిసగం పంచాలని చెప్పే చట్టం గోవాలో తప్ప దేశంలో దాదాపు మరెక్కడా లేదు. మామూలుగా దస్తావేజు మీద ఎవరి పేరుంటే ఆస్తి వారిదే.

కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటును ఊహించుకోండి. బ్యాంకు వాయిదా భర్త జీతంలోంచి పోతుంది. భార్య జీతం బియ్యం, పిల్లల ఫీజులు, అత్తగారి మందులకు సరిపోతుంది. పదిహేనేళ్ల తర్వాత విడిపోతే ఆయనకు ఫ్లాటు మిగులుతుంది, ఆమెకు కిరాణా చీటీలు మిగులుతాయి. ఉద్యోగం లేని గృహిణికైతే చూపించుకోవడానికి ఆ చీటీలు కూడా ఉండవు.

చట్టం ఆమెను పూర్తిగా గాలికి వదిలేసిందనీ అనలేం. పుట్టింటివారు పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం ఆమె స్త్రీధనం. అత్తింటివారి చేతికిచ్చిన నగలకు వారు ధర్మకర్తల వంటివారేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో తేల్చింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కూతురు అధికారం ఇవ్వకుండా కన్నతండ్రి కూడా స్త్రీధనాన్ని తిరిగి అడగలేడని 2024లో స్పష్టం చేసింది. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు అత్తింట్లో నివాస హక్కు ఇచ్చింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది తల దాచుకునే హక్కే తప్ప యాజమాన్యం కాదు.

ఇక మిగిలింది భరణం. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం కోరవచ్చు. ఆదాయం దాచిపెట్టే భర్తలకు ముకుతాడు వేస్తూ, ఇరుపక్షాలూ ఆస్తిపాస్తులను, అప్పులను అఫిడవిట్‌లో చూపాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. అయినా భరణం వేరు, వాటా వేరు. భరణం కోరే మనిషి తన అవసరాన్ని రుజువు చేసుకోవాలి. వాటా అడిగే మనిషి తన శ్రమను గుర్తించమంటుంది. విడిపోయాక మాజీ భర్త సంపదతో సమానం చేయమని అడిగే హక్కు లేదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అప్పుడు కూడా ఆమెకు 12 కోట్ల రూపాయలు ఇప్పించింది, కానీ భరణంగానే.

గోవాలో పరిస్థితి వేరు. 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ అక్కడ నేటికీ అమల్లో ఉంది. పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే ఆస్తి ఉమ్మడిదే. ఇంటిని అమ్మాలంటే భార్య కూడా ఒప్పుకోవాలి. ఇది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది.

మిగతా దేశంలో ఒక ప్రయత్నం జరగకపోలేదు. విడాకుల సమయంలో భర్త స్థిరాస్తిలోంచి భార్యకు పరిహారం ఇప్పించే బిల్లును రాజ్యసభ 2013 ఆగస్టులో ఆమోదించింది. లోక్‌సభ దాన్ని పట్టించుకోలేదు. 2014లో సభ గడువుతోపాటే బిల్లూ మురిగిపోయింది. తాతల నాటి భూములు చేతులు మారతాయన్నది అప్పటి ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. ఆ భయం నిజమే అనుకుంటే, పెళ్లయ్యాక సంపాదించిన దానికే చట్టాన్ని పరిమితం చేస్తే సరిపోతుంది. అది భార్య సంపాదించి భర్త ఇల్లు చూసుకునే కుటుంబానికీ వర్తించాలి.

కోర్టులు పార్లమెంటుకన్నా ఒక అడుగు ముందే ఉన్నాయి. భర్త సౌదీలో సంపాదిస్తే ఇక్కడ సంసారం నడిపిన గృహిణికి, ఆ డబ్బుతో కొన్న ఆస్తుల్లో సమాన వాటా ఉందని మద్రాసు హైకోర్టు 2023లో చెప్పింది. అది విడాకుల కేసు కాదు, పైగా ఏక సభ్య ధర్మాసనం తీర్పు. అయినా కరీంనగర్ నుంచి కోనసీమ దాకా గల్ఫ్ సొమ్ముతో ఇళ్లు కట్టిన ఊళ్లు ఆ మాటను చెవిన వేసుకోవాలి.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి రెండే. పెళ్లినాటి నగలకు, సామానుకు జాబితా రాసి రసీదులతో పాటు భద్రపరచాలి. ఇల్లు కొన్నప్పుడు ఇద్దరి పేర్లా రిజిస్టర్ చేయించాలి. 'నమ్మకం లేదా?' అని భర్త అడిగితే, 'నమ్మకం ఉన్నప్పుడే రాయించుకోవడం తేలిక' అని భార్య నవ్వుతూ చెప్పవచ్చు.