యంత్రములో ఎవరి పని ముందు?

2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలో వేలాది ఇళ్లను నీరు చుట్టుముట్టినప్పుడు అందరి చేతులూ ఫోను మీదికే పోయినవి. అట్టి గడియలో పిలుపులన్నింటినీ అందుకొనగల శక్తి ఏ టెలిఫోను యంత్రమునకూ ఉండదు. ఎవరిని ముందు కలపవలెను, ఎవరిని ఆగమనవలెను అన్న నిర్ణయము అప్పటికప్పుడు జరిగేది కాదు. ఏనాడో ఒకరు ప్రోగ్రాములో వ్రాసి ఉంచినది. విద్యార్థి మిత్రులు ఈ సంగతి ఆలోచింపవలెనని నా మనవి.

ఒక ప్రాసెసరు ఒక క్షణములో ఒకే పని చేయగలదు. అది వందల పిలుపులను ఒకేసారి నడుపుచున్నట్లు తోచుటకు కారణము పనుల పంపకమే. దీనిని ఉర్దూలో ఇంతెజాం అన్నా, తెలుగులో ఏర్పాటు అన్నా అర్థమొక్కటే. మన విజయవాడ జంక్షను చూడండి. ఎక్స్‌ప్రెస్ వచ్చుచున్నచో గూడ్సు బండి లూపు లైనులో ఆగును. అట్లే మనము నొక్కిన అంకెలను అందుకొనుట ఆగరాని పని. బిల్లుల లెక్క తీరికగా చేయదగిన పని. అయితే గూడ్సును ఎల్లకాలము ఆపి ఉంచినచో ఊరికి సరుకు చేరదు. చిన్న పనికి సైతము వంతు రావలెను.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థలో మన ఇంజనీర్లు పల్లెల కొరకు 128 పోర్టుల ఎక్స్‌ఛేంజిని రూపొందించిరి. వారి పెద్ద ఎక్స్‌ఛేంజిల సాఫ్ట్‌వేరులో పనులు రెండు తెగలు. కొన్ని శాశ్వతమైనవి, యంత్రము మేల్కొన్నది మొదలు కబురు కొరకు కాచుకొని ఉండును. కొన్ని తాత్కాలికమైనవి, అవసరము రాగానే పుట్టి, అది తీరగానే అంతరించును. ఇవి ఒకదానితో నొకటి సందేశముల ద్వారా మాటలాడుకొనును. ఒక పిలుపు చెడినా పొరుగు పిలుపు నిలువవలెననుటయే ఇట్టి విభజనకు మూలసూత్రము.

ఆ సూత్రము తప్పినచో ఏమగును? 1990 జనవరి 15న అమెరికాలో ఎ.టి. అండ్ టి. సంస్థ స్విచ్ ఒకటి స్వల్ప లోపము నుండి కోలుకొని ఆ కబురు పొరుగు స్విచ్చులకు పంపినది. ప్రోగ్రాములో ఒక ‘బ్రేక్’ ఆదేశము తప్పు చోట ఉన్నందున, ఆ కబురందుకొన్న స్విచ్చులు తామే ఆగి మరల మొదలైనవి. అవి పంపిన కబుర్లు తక్కినవాటిని పడగొట్టినవి. ఈ అంటు 114 స్విచ్చులకు ప్రాకి, సుమారు తొమ్మిది గంటలు దూరపు పిలుపులు అతలాకుతలమైనవి.

మన తరగతిలో వ్రాయించు ప్రోగ్రాము ఒంటరిది. మొదలగును, జవాబు ముద్రించును, ముగియును. దానికి పొరుగు లేదు, తొందర లేదు, వంతు లేదు. ఇది ఇంజనీరింగు కళాశాలల వ్యవహారమని కొందరనవచ్చును. కాని పదిమంది పిలిచేవారు, నాలుగే లైనులు ఉన్న బొమ్మ ఎక్స్‌ఛేంజిని వ్రాయుటకు ఒక పాత కంప్యూటరు, సి భాష చాలును. ఆరవవాడు ప్రాణాపాయములో ఉన్నచో ఏమి చేయుదువని అడిగినప్పుడే విద్యార్థికి అసలు పాఠము మొదలగును. కమిటీ పెద్దలు దీనిని చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా చేర్చవలెనని కోరుచున్నాను.

వరదలో ఫోను కలియక ఎదురుచూచిన ఇళ్ల బిడ్డలు, ఎవరు ఆగవలెనో వ్రాయువారిలోనూ ఉండవలెను.