హస్‌దేవ్ ఖాతాలో బిలాస్‌పూర్ నీడ

బిలాస్‌పూర్‌లో చిన్న వృక్షవాటిక వస్తుందంటే కాదనేవారు ఎవరుంటారు? వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు అది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి పెరిగిన ఆ పట్టణంలో, ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలతో సహా సామాన్యులకు దక్కే చల్లదనం కాలనీ వీధుల్లోని పాత చెట్లదే. అది చాలకపోతే, వివేకానంద ఉద్యానంగా పేరు మార్చుకున్న కంపెనీ గార్డెన్ ఉంది.

అయితే ఇటువంటి వాటికలకు సొమ్ము ఎక్కడిదో అడగాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2020లో ప్రారంభించిన నగర్ వన్ యోజనకు ఆధారం కంపా నిధులు. అడవిని గనులకు, ప్రాజెక్టులకు మళ్లించుకున్న సంస్థలు చెల్లించే పరిహారంలో 90 శాతం రాష్ట్రాలకు, 10 శాతం జాతీయ నిధికి వెళుతుంది. పట్టణ వనాలకు డబ్బు ఆ జాతీయ నిధి నుంచే. ఎక్కడో అడవి కూలితే గానీ ఇక్కడి తోటకు పైసా రాలదన్నమాట!

ఆ 'ఎక్కడో' బిలాస్‌పూర్‌కు మరీ దూరమేమీ కాదు. ఉత్తరాన హస్‌దేవ్ అరణ్యం ఉంది. సాల వృక్షాలు, ఏనుగుల దారులు, బాంగో జలాశయానికి నీరందించే వాగులు అక్కడివి. ఆ అరణ్యంలోని బొగ్గు బ్లాకులను రద్దు చేయాలని 2022 జూలై 26న ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకు నాలుగు నెలల ముందే పర్సా ఈస్ట్ కేతే బాసన్ గని రెండో దశకు అనుమతించింది నాటి కాంగ్రెస్ ప్రభుత్వం. 2023 డిసెంబరులో బీజేపీ గద్దెనెక్కింది. అదే నెలలో పోలీసు పహరా నడుమ చెట్లు నేలకూలాయి. ఆదివాసీల పేరు జపించడంలో మాత్రం ఈ రెండు పార్టీలకూ ఏనాడూ తేడా లేదు.

బొగ్గు తవ్వే ఎస్‌ఈసీఎల్‌కు, బొగ్గు మోసే ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయాలు బిలాస్‌పూర్‌లోనే ఉన్నాయి. ఆ ఊరికి నీడనివ్వడం ఈ సంస్థల బాధ్యత. దానికి అయ్యే ఖర్చు వాటి సొంత బడ్జెట్ల నుంచి, నగరపాలక సంస్థ పద్దు నుంచి రావాలి. పేరు పలకలు తగిలించిన కొన్ని వందల మొక్కలను చూపి, ఎక్కడో కూలిన అడవికి ఇది ప్రత్యామ్నాయమని ఏ అధికారీ రాసుకోరాదు. కొత్త వాటికకు స్థలం వెతికే ముందు రైల్వే తన కాలనీల్లో నిలిచి ఉన్న పాత చెట్లను లెక్కించి, ఆ జాబితాను బహిరంగపరచాలి. రేపు డిపో పేరుతోనో, అదనపు లైను పేరుతోనో గొడ్డలి దిగినప్పుడు, ఏ వీధిలో ఏ చెట్టు పోయిందో ఆ వీధివారికి ముందే తెలియాలి.