పాచికలు వేసేవారికీ మాట ఉండాలి



పాత్రధారణ ఆటల మీద మీ పత్రిక గత సంచికలో వచ్చిన వ్యాసం, ఆట నడిపే గేమ్ మాస్టర్ మాటే శాసనమంది. నేను ఒప్పుకోలేను. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చినప్పుడు లోకాన్ని అల్లేదీ, తీర్పు చెప్పేదీ ఒక్కరే. ఆటలు అక్కడే ఆగిపోలేదు. 2009 నాటి ‘ఫియాస్కో’లో గేమ్ మాస్టరే ఉండరు. 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’లో పాచికలు వేసేది ఆటగాళ్లే, గేమ్ మాస్టర్ ఎలా నడుచుకోవాలో కూడా నియమాల్లోనే రాసి ఉంది. వ్యాసకర్త వీటిని వదిలేయడం పెద్ద లోటు.

మా జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి ఒగ్గుకథ విన్నవాళ్లకు ఇలా కథను పంచుకోవడం కొత్త కాదు. కథ పగ్గాలు ప్రధాన కథకుడివే. అయినా పక్కవాళ్లు ప్రశ్నలేస్తారు, పాత్రల్లోకి దిగుతారు, వంత అందుకుంటారు. వాళ్ల నోరు మూయిస్తే కథ చప్పబడిపోతుంది.

అలాగని ప్రతి తీర్పుకూ పుస్తకం తెరిచి వాదించే ఆటగాళ్లనూ సమర్థించను. ఒకరి పంతానికి అందరి సాయంత్రం పాడవుతుంది. ఆట నడుస్తుండగా తీర్పు గేమ్ మాస్టర్‌దే. అభ్యంతరాలు ఆట అయ్యాక మాట్లాడుకోవాలి. కానీ నా పాత్ర ఎవరిని నమ్ముతుందో, ఎవరికి తలవంచుతుందో తేల్చే హక్కు నాదే. కథలోకి ఏ విషయాలు రాకూడదో మొదటిరోజే అందరూ కూర్చుని చెప్పుకోవాలి.

ఈ ఆట కొత్తగా మొదలుపెట్టే పిల్లలూ మీ పత్రిక చదువుతారు. దయచేసి ఆటగాళ్ల వైపు వాదనకూ ఒక పేజీ ఇవ్వండి.

– ఒక పాఠకుడు, బచ్చన్నపేట, జనగామ జిల్లా