కతోలిక విశ్వాసము: పెరుగుచున్నదా, తరుగుచున్నదా?

కతోలిక విశ్వాసము నేడు పెరుగుచున్నదా, తరుగుచున్నదా అని అడిగినచో, చెప్పువారు ఎక్కడ నిలిచి చూచినారో దానిని బట్టి జవాబు మారుచున్నది. జనాభా లెక్కలు చదివినవారు తరుగుచున్నదందురు. ఫిబ్రవరి మాసములో గుణదల కొండకు పోయి వచ్చినవారు పెరుగుచున్నదందురు. ఆదివారము పూజలో ఖాళీగా ఉన్న బల్లలను చూచిన వృద్ధులు మాట్లాడక నిట్టూర్చెదరు. ముగ్గురు చూచినదియు నిజమే. కాని ముగ్గురు కొలిచినది ఒకే వస్తువు కాదు. ఈ మూడు కొలతలలో ఏది నమ్మదగినదో విచారించుట మా ఉద్దేశము. ఈ ప్రశ్న కతోలికులకు మాత్రమే చెందినది కాదు. గుడి అన్నచోట మసీదు అని మార్చుకొని మా ముస్లిము సోదరులును దీనిని చదువుకొనవచ్చును.

మొదట జనాభా లెక్కలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో 1971 నాటి లెక్కల ప్రకారము క్రైస్తవులు నూటికి నలుగురికి పైగా ఉండిరి. 2001 నాటికి వారు 11,81,917 మంది, అనగా నూటికి 1.55 వంతు. 2011 నాటికి 11,29,784 మంది, అనగా 1.34 వంతు. పదేండ్లలో రాష్ట్ర జనాభా పెరిగినది, క్రైస్తవుల సంఖ్య మాత్రము యాభై రెండు వేలు తగ్గినది. ఈ అంకెలు కతోలికులను, ఇతర క్రైస్తవులను కలిపి చెప్పినవి. అంకెలు ఇట్లు పడిపోయిన కాలములోనే ఊరూర కొత్త ప్రార్థనా మందిరములు లేచినవి. జనము లేక మందిరములు లేవవు గదా! మరి ఆ జనము లెక్కలలో ఎక్కడికి పోయినది?

దీనికి జవాబు గుడిలో దొరకదు, తాసీల్దారు కచేరిలో దొరకును. 1950 ఆగస్టు 10వ తేదీన వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను మతముతో ముడిపెట్టినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా లభించినది. క్రైస్తవులు, ముస్లిములు నేటికిని దాని వెలుపలనే ఉన్నారు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులములకు నూటికి 15 వంతుల రిజర్వేషను ఉండగా, ఆ కులముల నుండి క్రైస్తవములోనికి వచ్చినవారికి బి.సి. 'సి' వర్గము పేరిట దక్కినది ఒక్క వంతు. షెడ్యూల్డు తెగల విషయములో ఇట్టి మతనియమము లేదు. కనుక భద్రాచలము అడవి దారిలోని ఒక చిన్న గుడిలో కోయ యువకుడును, మాదిగ యువకుడును ఒకే చాప మీద మోకరించి ఒకే సత్ప్రసాదమును స్వీకరించినను, లేచి బయటకు వచ్చిన తరువాత చట్టము మొదటివాని హోదాను నిలిపి, రెండవవాని హోదాను తీసివేయుచున్నది.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఈ భేదమును తొలగించుమని సిఫారసు చేసినది. 2022లో కేంద్ర ప్రభుత్వము జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషనును నియమించినది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు హోదా ఇవ్వవలెనని తీర్మానించినది. ఉత్తర్వులోని మతనియమము మాత్రము అట్లే నిలిచియున్నది. బిడ్డ చదువు, ఇంటి స్థలము, ఉద్యోగము ఒక కాగితము మీద ఆధారపడినప్పుడు, గుడిలో ఒక పేరు, కచేరిలో మరియొక పేరు పెట్టుకొన్న తండ్రిని పిరికివాడనుట సులభము. మేము ఆ మాట అనలేము. జనాభా లెక్కలోని ఆ అంకె విశ్వాసమును కొలుచుట లేదు. విశ్వాసము మీద పెట్టిన బరువును కొలుచుచున్నది.

అట్లని దోషమంతయు చట్టము మీదకు నెట్టి శ్రీసభ చేతులు కడుగుకొనరాదు. తెలుగు కతోలికులలో అధికసంఖ్యాకులు దళితులు. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినలు పదవిని పొందినప్పుడు, దళితులలో నుండి ఆ స్థానమునకు చేరిన మొదటివారని లోకమంతయు చెప్పుకొన్నది. సంతోషింపదగిన విషయమే. కాని, ఒకే పాత్రలోని సత్ప్రసాదమును పంచుకొనువారు పెండ్లి సంబంధము చూచునప్పుడు మొదట కులమునే విచారించుచున్నారు. ప్రభుత్వము కులమును పట్టి మతమును అడుగుచున్నది, మనవారు మతమును ఉంచుకొని కులమును అడుగుచున్నారు. ఈ రెండవ దోషమును దిద్దుకొనుటకు ఏ కమిషను సిఫారసును అవసరము లేదు.

ఇక రెండవ కొలత జనసమ్మర్దము. విజయవాడ దగ్గర గుణదలలో 1924లో ఇటలీ దేశపు గురువులు ఆర్లాటి గారు లూర్దుమాత స్వరూపమును ప్రతిష్ఠించినారు. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అచ్చటికి లక్షలాది ప్రజలు వచ్చుచున్నారు. కొబ్బరికాయలు, తలనీలాలు, మ్రొక్కుబడులు, కొండ మీది సిలువకు నడక మొదలైనవన్నియు చూచినవారు తెలుగువారి భక్తిలో ఆ కొండ ఎంత లోతుగా నాటుకొన్నదో గ్రహింతురు. హిందువులును, ముస్లిములును వచ్చు తీర్థమది. అది దాని గొప్పతనము. అందువలననే అది కతోలిక జీవితమునకు కొలబద్ద కాజాలదు. ఈ భేదము కొత్తగూడెమువారికి వేరుగా చెప్పనవసరము లేదు. మన రైల్వే స్టేషను పేరే భద్రాచలం రోడ్డు. శ్రీరామనవమికి ఇక్కడ దిగు జనమును చూచి, ఇంటింట నిత్యము రామాయణ పారాయణము జరుగుచున్నదని ఎవరును తలంపరు. ఉత్సవము సంవత్సరములో కొన్నిదినములు. విశ్వాసము మిగిలిన దినములలో బ్రతుకవలెను.

కనుక మూడవ కొలతకు వచ్చెదము. అది అలవాటు. ఆదివారపు పూజ, పాపసంకీర్తనము, సాయంకాలము కుటుంబమంతయు కూర్చుండి చెప్పు జపమాల, పిల్లలకు సత్యోపదేశము: ఇవియే కతోలిక జీవితమునకు నిత్యాన్నము వంటివి. ఇక్కడ తరుగుదల ఉన్నదని మా అభిప్రాయము.

ఇది మన ఒక్క ప్రాంతపు మాట కాదు. అమెరికాలో వారము వారము పూజకు పోవు కతోలికులు 1955లో నూటికి 75 మంది; 2014–17 సంవత్సరముల నాటికి 39 మంది. మరియొక వైపు 2025 ఈస్టరు పండుగకు ఫ్రాన్సు దేశములో 10,384 మంది వయోజనులు జ్ఞానస్నానము పొందినారు. 2023 చివరకు ప్రపంచములో కతోలికులు 140 కోట్లు దాటినారు. వారిలో ఐదవ వంతు ఆఫ్రికా ఖండమువారు. పుట్టుకతో వచ్చిన అలవాటు సడలుచుండగా, కోరి వచ్చినవారు అక్కడక్కడ పెరుగుచున్నారు. కనుక లోకమంతటికి ఒకే జవాబు చెప్పుట పొరపాటు. ఎవరి విచారణను వారు చూచుకొనవలెను.

మన విచారణలలో అలవాటు ఎందుకు సడలినది? బొగ్గుగనిలో మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు మారి మారి వచ్చువానికి సాయంకాల ప్రార్థనకు నియమిత కాలము దొరకదు. ప్లే డే డ్యూటీ దొరికినచో అధిక వేతనము వచ్చును, పూజ ఆగిపోవును. 1990 ప్రాంతములో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు అందులో సగమైనను లేదు. కాలనీలలో ముసలివారు మిగిలినారు, యువకులు హైదరాబాదుకు పోయినారు. ఉన్న పిల్లలకు ఆదివారము కూడ ట్యూషనులు, కోచింగులు. జపమాల చెప్పుకొను వేళను మొదట టెలివిజను, తరువాత సెల్‌ఫోను ఆక్రమించినవి.

ఈ కారణములన్నియు నిజమే అయినను, వీనికంటె పెద్ద కారణము మరియొకటి ఉన్నదని మేము తలంచుచున్నాము. కతోలిక కుటుంబములు స్వతంత్ర ప్రార్థనా మందిరములకు పోవుచున్నవని గురువులు బాధపడుట వినుచున్నాము. ఆ మందిరములకు పోయినవారికిని అవే షిఫ్టులు, అవే సెల్‌ఫోనులు ఉన్నవి గదా! వారిని అడిగి చూడుడు. సిద్ధాంతభేదము చెప్పువారు అరుదు. "జ్వరము వచ్చినప్పుడు వారు ఇంటికి వచ్చినారు, పేరు పెట్టి పిలిచి ప్రార్థన చేసినారు" అని చెప్పుదురు. కతోలిక విచారణలో ఒక్క గురువు. ఆయన క్రింద అనేక గ్రామములు. వానికి తోడు పాఠశాల, హాస్టలు, భవనముల నిర్వహణ. ఆయన రాలేకపోవుట ఆయన దోషము కాదు. కాని ఆయన రాలేని ఇంటికి పూర్వము మరియొకరు వచ్చెడివారు. ఆయనయే ఉపదేశి.

ఈ ప్రాంతమున శ్రీసభ ఎట్లు నిలిచినదో జ్ఞాపకము చేసుకొందము. హైదరాబాదు మేత్రాసనము నుండి 1952లో వరంగల్లు మేత్రాసనము, దాని నుండి 1988లో ఖమ్మం మేత్రాసనము ఏర్పడినవి. తొలి దినములలో ఇటలీ గురువులు ఎడ్లబండ్ల మీద, గుర్రముల మీద, సైకిళ్ల మీద సంవత్సరమునకు కొన్ని పర్యాయములు మాత్రమే గ్రామమునకు రాగలిగినారు. మిగిలిన దినములలో మంత్రములు నేర్పినవాడు, ఆదివారము ప్రార్థన నడిపినవాడు, మరణావస్థలో ఉన్నవారికి జ్ఞానస్నానమిచ్చినవాడు, శవమును మట్టికి చేర్చినవాడు ఉపదేశియే. మన రైలుమార్గము చీలు డోర్నకల్‌లో 1912 నుండి మేత్రాణులుగా ఉన్న అజరయ్య గారు కూడ ఆంగ్లికను సంఘమును గ్రామోపాధ్యాయుల మీదనే నిలిపినారు. శాఖలు వేరైనను నిలిపిన చేతులు ఒక్కటే.

రెండవ వాటికన్ మహాసభ 1962–65 సంవత్సరములలో జరిగిన పిమ్మట లతీను భాష తొలగి పూజ తెలుగులోనికి వచ్చినది. 1969లో రోము అనుమతితో హారతి, అంజలి, నేల మీద కూర్చుండుట మొదలైన మన ఆచారములు పూజలో చేరినవి. విన్నది అర్థమైనది. ఇది నిశ్చయముగా బలము. అయితే అదే కాలములో ఉపదేశి క్రమముగా కనుమరుగైనాడు. విదేశ సహాయము తగ్గినది. అతని కొద్ది జీతముతో ఇల్లు గడువలేదు. అతని కుమారుడు ఆ పనికి రాలేదు. గురువుల కొరత ఉన్న అమెరికా విచారణలకు నేడు మన తెలుగు గురువులు పోయి సేవ చేయుచున్నారు. అది గౌరవమే. కాని మన గూడెములలోని సంధ్యాప్రార్థనకు పెద్ద దిక్కు లేదు.

విద్యాలయములు, వైద్యశాలలు ఉన్నవి గదా, అవి బలము కావా అని కొందరు అడుగుదురు. అవి సమాజమునకు శ్రీసభ చేసిన సేవ. వానిలో చదివిన హిందూ, ముస్లిము విద్యార్థులు కృతజ్ఞతతో చెప్పుకొందురు. కాని పాఠశాల ముందు బారులు తీరినవారు ప్రవేశపత్రము కొరకు వచ్చినారు. వారిని విశ్వాసుల పట్టికలో చేర్చుకొని సంతృప్తి చెందరాదు.

2021 మే 10వ తేదీన పోపు ఫ్రాన్సిసు గారు ఉపదేశి సేవను శ్రీసభలో శాశ్వతమైన పరిచర్యగా స్థాపించినారు. స్త్రీలును, పురుషులును దానికి అర్హులు. ఆ పత్రము మన మేత్రాసనములలో అలమారలకు పరిమితము కారాదు. ప్రతి గని కాలనీకి, ప్రతి గూడెమునకు ఒక ఉపదేశి ఉండవలెను. కోయ గూడెములో అతడు కోయభాష తెలిసినవాడై ఉండవలెను. అతనికి శిక్షణయు, బ్రతుకదగిన వేతనమును ఇవ్వవలెను. కొత్త భవనమునకు పునాది వేయుటకు ముందే ఆ ద్రవ్యమును వేరుగా తీసియుంచవలెను. షిఫ్టులు మారు ఊరిలో పూజావేళలును షిఫ్టులను అనుసరించి మారవలెను.

కతోలిక విశ్వాసము ఈ ప్రాంతమున చచ్చిపోలేదు. కాగితము మీద హోదా పోవునని తెలిసియు బిడ్డకు జ్ఞానస్నానమిప్పించు తల్లిదండ్రులున్నంతకాలము దానిని బలహీనమనుటకు మాకు నోరు రాదు. ఆ తల్లిదండ్రుల ఇంటికి సాయంకాలము పోయి కూర్చుండువారు మాత్రము తగ్గినారు. రాబోవు విచారణ సభలో ఎన్ని జ్ఞానస్నానములు, ఎన్ని వివాహములు అని లెక్క చదువునప్పుడు, ఈ సంవత్సరము ఎన్ని ఇండ్ల తలుపు తట్టినామో కూడ చదువుమని విశ్వాసులు అడుగవలెనని మా మనవి.